అమ్మమ్మ సీమంతం నాటికే

శ్రోతలకు నమస్కారం.

పురిటి మంచం దగ్గరికి వచ్చే చుట్టాలు బిడ్డను చూడరు. బిడ్డలో ఇంకెవరున్నారో వెతుకుతారు. "ముక్కు నాయనమ్మదే" అంటుంది ఒకావిడ. "ముక్కు సంగతేమో గానీ ఆ నుదురు చూడండి, మేనమామ పోలిక" అంటుంది అమ్మ తరఫు పిన్ని. మూలన కుర్చీలో కూర్చున్న పెద్దాయన "అచ్చు గుద్దినట్టు వాళ్ళ తాతే" అని తేల్చేస్తాడు. ఈ తగవులో ఎవరూ ఓడిపోరు. మూడేళ్ళకు ఇంకో బిడ్డ పుడుతుంది. అదే అమ్మ, అదే నాన్న, ముఖం మాత్రం వేరు. మళ్ళీ పంచాయితీ మొదలు.

నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. "అచ్చు గుద్దినట్టు" అన్న మాట చెవిన పడితే ఇప్పటికీ నోరు ఊరుకోదు. మన ఒంట్లో అచ్చు గుద్దే పని నిజంగానే రాత్రీ పగలూ జరుగుతూ ఉంటుంది. చర్మం ఊడిపోతే కొత్త చర్మం, తెగిన వేలికి కొత్త కండ, అన్నీ పాత కణానికి నకళ్ళే. బిడ్డను కనడానికి పనికొచ్చే కణాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం శరీరం ఆ అచ్చును పక్కన పెట్టేస్తుంది. అక్కడ జరిగేదాన్ని పాఠ్యపుస్తకాల్లో క్షయకరణ విభజన అంటారు. పేరు వినగానే క్షయ రోగం గుర్తొస్తుందని మా పిల్లలు నవ్వేవాళ్ళు. క్షయం అంటే తగ్గడం. ఏది తగ్గుతుందో చెప్పే ముందు ఒక లెక్క చూద్దాం.

మీరు ఏ అండం నుంచి పుట్టారో అది ఎప్పటిది? మీ అమ్మకు పెళ్ళయ్యాక తయారైంది అనుకుంటారు చాలామంది. అది అంతకు ఎంతో ముందుది. మీ అమ్మ తన తల్లి కడుపులో నాలుగైదు నెలల పిండంగా ఉన్నప్పుడే ఆ అండాన్నిచ్చే కణం పుట్టి, క్షయకరణ విభజన మొదలుపెట్టింది. ఆడపిల్ల పిండంలో అయిదో నెలకు అలాంటి కణాలు 60, 70 లక్షల దాకా ఉంటాయి. పుట్టేనాటికి 10, 20 లక్షలు మిగులుతాయి. వాటిలో జీవితం మొత్తం మీద నెలకొకటి చొప్పున బయటికి వచ్చేవి సుమారు 400. విచిత్రమేమిటంటే, మొదలైన విభజన సగంలో ఆగిపోతుంది. అలాగే పన్నెండేళ్ళో, ఇరవై ఏళ్ళో, నలభై ఏళ్ళో కదలకుండా కూర్చుంటుంది. అండం విడుదలయ్యే వేళకు మొదటి భాగం పూర్తవుతుంది, శుక్రకణం తాకితేనే రెండో భాగం ముగుస్తుంది.

ఆగిపోయే ముందే అసలు కలగలుపు జరిగిపోతుంది. అంటే అమ్మమ్మకు సీమంతం చేసి గాజులు తొడిగే నాటికి, అమ్మ వైపు నుంచి మీకు రాబోయే సగంలో కలవాల్సినవి చాలా వరకు కలిసిపోయాయన్నమాట. మగవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ఈ పని ఈడేరాకే మొదలవుతుంది, ఆ తర్వాత ఆగదు. మొదటి నుంచి చివరి దాకా ఒక విడత శుక్రకణాలు తయారవడానికి రెండు నెలల పైచిలుకు పడుతుంది.

ఇంతకీ కలిసేది ఏమిటి?

అచ్చు యంత్రం రాక ముందు మన దగ్గర పుస్తకాలు తాటాకుల మీద ఉండేవి కదా. ఒకే గ్రంథానికి ఒక ఊళ్ళో ఒక ప్రతి, ఇంకో ఊళ్ళో ఇంకో ప్రతి. పద్యాల వరుస ఒకటే గానీ, అక్కడక్కడ ఒక మాట తేడాగా ఉంటుంది. దాన్ని పండితులు పాఠాంతరం అంటారు. మన ప్రతి కణంలోనూ 23 సంపుటాల గ్రంథం ఒకటి, రెండేసి ప్రతుల్లో ఉంటుంది. ఆ సంపుటాలే క్రోమోజోములు. మొత్తం 46. ఒక ప్రతి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. అందులో పద్యాలు జన్యువులు. రక్తం గ్రూపు గురించిన పద్యం రెండు ప్రతుల్లోనూ ఒకే చోట ఉంటుంది. ఒకదాంట్లో ఏ అని, ఇంకోదాంట్లో బి అని ఉండవచ్చు. అది పాఠాంతరం.

బిడ్డకూ రెండు ప్రతులే ఉండాలి. అమ్మ నుంచి రెండు, నాన్న నుంచి రెండు వస్తే నాలుగవుతాయి, తర్వాతి తరానికి ఎనిమిది. అందుకని అండంలోనూ శుక్రకణంలోనూ ఒక్క ప్రతే ఉండాలి. 46 కాస్తా 23కు తగ్గాలి. క్షయమంటే అదీ. డీఎన్ఏను ఒక్కసారి రెట్టింపు చేసుకుని, కణం వరసగా రెండుసార్లు విడిపోతుంది.

తగ్గించాలంటే ఒక ప్రతిని ఉంచి రెండోదాన్ని పక్కన పెడితే సరిపోయేది. అలా జరిగి ఉంటే మీ అమ్మ నుంచి మీకు అయితే అమ్మమ్మ ప్రతి మొత్తం, లేకపోతే తాతయ్య ప్రతి మొత్తం వచ్చేది. అలా జరగదు. ఒకటో సంపుటం అమ్మమ్మది వస్తే రెండోది తాతయ్యది రావచ్చు, మూడోది మళ్ళీ తాతయ్యదే రావచ్చు. ఒక్కో సంపుటానికీ విడిగా బొమ్మా బొరుసూ వేసినట్టే. 23 సార్లు నాణెం ఎగరేస్తే ఎన్ని రకాల వరసలు వస్తాయి? 83,88,608. ఇది ఒక్క మనిషి లెక్క. భార్యాభర్తలిద్దరివీ కలిపితే 70 లక్షల కోట్లు దాటుతుంది. అన్నదమ్ములిద్దరు ఒకేలా ఎందుకు లేరని అడిగేవాళ్ళకు ఇదొక్కటి చాలు.

కథ ఇక్కడితో అయిపోతే నేను రేడియో దాకా వచ్చేవాణ్ణి కాదు. సంపుటాలు కలిసినా, ఏ సంపుటానికి ఆ సంపుటం చెక్కుచెదరకుండా ఉంటుందనుకున్నాం కదా. ఉండదు. దాన్ని నేను చదివి నేర్చుకున్నాను గానీ, నమ్మింది మాత్రం కళ్ళతో చూశాకే.

ప్రయోగశాలలో సమవిభజన, అంటే నకలు తీసే మామూలు కణవిభజన, చూపించడానికి ఉల్లి వేరు కొస చాలు. ఉల్లిగడ్డను నీళ్ళ సీసా మూతి మీద పెడితే నాలుగు రోజుల్లో వేళ్ళు వస్తాయి. క్షయకరణకు వేరు పనికిరాదు, పువ్వు కావాలి. పూకాడ వేసిన ఉల్లి మొక్క వెతికి పట్టుకుని, తెల్లటి గుత్తిలోంచి సరైన మొగ్గ ఏరాలి. మొగ్గ మరీ చిన్నదైతే పని ఇంకా మొదలుకాలేదు, ఆవగింజంత పెద్దదైతే అప్పటికే అయిపోయి పుప్పొడి తయారైంది. పరాగకోశాన్ని, అంటే పుప్పొడి తిత్తిని, సూదితో తీసి, గాజుపలక మీద ఎసిటోకార్మిన్ అనే ఎర్రరంగు చుక్కలో చిదిపి, పైన పల్చటి గాజుబిళ్ళ పెట్టి, అద్దుడు కాగితం వేసి బొటనవేలితో నొక్కాలి. గట్టిగా నొక్కితే బిళ్ళ పగులుతుంది, మెల్లగా నొక్కితే ఏమీ కనపడదు. పాతిక మంది పిల్లల్లో ఏ ఇద్దరికో కుదిరేది. కుదిరినవాళ్ళ సూక్ష్మదర్శిని దగ్గర మిగతావాళ్ళంతా వరస కట్టేవాళ్ళు.

అక్కడ కనిపించేది ఏమిటంటే, ఉల్లికున్న 16 క్రోమోజోములూ ఎనిమిది జంటలుగా ఉంటాయి. జంటలో రెండూ పక్కపక్కన నిలబడవు. ఒకదాని మీదుగా ఒకటి కాలు వేసి పెనవేసుకున్నట్టు, అక్కడక్కడ కత్తెర గుర్తులా అంటుకుని ఉంటాయి. బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయంలో జాన్సెన్స్ అనే మతాచార్యుడు బల్లిలా కనిపించే సాలమాండర్ అనే ఉభయచరం కణాల్లో ఇలాంటి ముడులే చూసి, అక్కడ రెండు క్రోమోజోములూ తెగి ఒకదాని ముక్కను ఒకటి పుచ్చుకుంటున్నాయని 1909లో రాశాడు. తెగడం ఆయన చూడలేదు. ముడిని చూసి ఊహించాడు.

ఆయన ఊహ నిజమే. ఆ పని ఎలా జరుగుతుందో ఇప్పుడు తెలుసు. డీఎన్ఏ పోగు తెగడం ఏ కణానికైనా పెద్ద గండం. తెగితే వెంటనే అతకడానికి ప్రతి కణంలోనూ పనిముట్లు సిద్ధంగా ఉంటాయి. క్షయకరణ విభజనలో కణం తన డీఎన్ఏను తానే కోసుకుంటుంది. స్పో11 అనే ప్రోటీన్ కత్తిలా పనిచేసి ఒకటీ రెండూ కాదు, వందల చోట్ల తెంచుతుంది. తెగిన కొస అతుక్కోవడానికి ఆధారం కోసం పక్కనున్న జంట ప్రతిలో అదే పద్యం ఎక్కడుందో వెతుక్కుంటుంది. చాలా చోట్ల దాన్ని చూసి తన గాటు పూడ్చుకుని ఊరుకుంటుంది. కొన్ని చోట్ల మాత్రం అమ్మమ్మ తాటాకు సగం, తాతయ్య తాటాకు సగం కలిసి అతుక్కుపోతాయి. రెండు ఆకులూ ఒకే అక్షరం దగ్గర తెగుతాయి కాబట్టి పద్యం చెడదు, ఒక్క మాటా తప్పిపోదు. పాఠాంతరాలు మాత్రం కొత్త వరసలో కూడతాయి. దీన్నే వినిమయం అంటారు, జన్యు పునస్సంయోజనం అని పెద్ద పేరు. మనిషి అండంలో ఇలాంటి అతుకులు సగటున 40 దాకా ఉంటాయి, శుక్రకణంలో పాతిక పైచిలుకు. ఆడవాళ్ళలో ఎక్కువ, మగవాళ్ళలో తక్కువ.

అంటే మీకు అమ్మ ఇచ్చిన ఒకటో క్రోమోజోము మీ అమ్మ ఒంట్లో మరే కణంలోనూ లేదు. అమ్మమ్మ ఒంట్లోనూ లేదు, తాతయ్య ఒంట్లోనూ లేదు. అది మీ కోసమే కోసి అతికిన ప్రతి. 83 లక్షల లెక్క దీని ముందు దిగదుడుపే. నాణేలకు లెక్క ఉంది, కత్తికి లెక్కేమిటి?

దీనికి లొంగనిది ఒకటుంది. మగవాళ్ళలో ఉండే వై క్రోమోజోముకు సరైన జంట లేదు. చివర్లలో కొద్ది భాగం తప్పిస్తే అది ఎవరితోనూ ముక్కలు మార్చుకోదు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి ఇంటిపేరులా దిగుతుంది. మిగతా సంపుటాలకు ఇంటిపేరు పట్టింపు లేదు.

ఈ వినిమయాన్ని కొలబద్దగా వాడుకోవచ్చని ఒక కుర్రాడికి తట్టింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ అనే శాస్త్రవేత్త పాల సీసాల్లో ఈగలను పెంచేవాడు. మగ్గిన అరటిపండు మీద ముసురుతాయే, ఆ చిన్న ఈగలు. ఎర్రకళ్ళ ఈగల మధ్య 1910లో ఒక తెల్లకళ్ళ మగ ఈగ దొరికింది. తర్వాత పసుపు ఒళ్ళువి, కురచ రెక్కలవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. కొన్ని లక్షణాలు సంతానంలో జంటగా వస్తాయి, కొన్ని తేలిగ్గా విడిపోతాయి. ఎందుకని? ఆ గదిలో పనిచేసే డిగ్రీ విద్యార్థి ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. రెండు పద్యాలు ఒకే ఆకులో పక్కపక్కన ఉంటే కత్తి వాటి మధ్యనే పడే అవకాశం తక్కువ, చెరో కొసన ఉంటే ఎక్కువ. కాబట్టి ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కేస్తే ఎంత దూరంలో ఉన్నాయో చెప్పవచ్చు. 1911లో ఒక రాత్రి అంకెల కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళి, కాలేజీ హోంవర్కు గట్టున పెట్టి, తెల్లారేసరికి ఒక క్రోమోజోము మీద జన్యువుల వరసను గీత గీసి తెచ్చాడు. ప్రపంచంలో మొదటి జన్యు పటం అది. 1913లో అచ్చయింది. జన్యువును ఎవరూ కంటితో చూడని రోజులవి. హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లల్ని నేను గట్టిగా తిట్టలేకపోవడానికి ఇదొక కారణం.

అయినా ముక్కలు నిజంగా చేతులు మారుతున్నాయన్నది కంటితో చూసి చెప్పినవాళ్ళు లేరు. ఆ పని 1931లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు స్త్రీలు మొక్కజొన్నతో చేశారు. బార్బరా మెక్లింటాక్, ఆమె దగ్గర చదువుకునే హేరియట్ క్రైటన్. వాళ్ళకు దొరికిన మొక్కజొన్నలో తొమ్మిదో క్రోమోజోముకు ఒక కొసన బుడిపె, ఇంకో కొసన వేరే క్రోమోజోము ముక్క అతుక్కుని ఉన్నాయి. రెండు కొసలకూ గుర్తులున్నట్టే. దాని జంటకు ఏ గుర్తూ లేదు. కలిపి చూస్తే, గింజ రంగూ గింజ గుణమూ కొత్త వరసలో వచ్చిన మొక్కల్లో ఆ బుడిపె ఒక క్రోమోజోము మీద, అతుకు ముక్క ఇంకోదాని మీద కనిపించాయి. అదే ఏడాది కర్ట్ స్టెర్న్ అనే శాస్త్రవేత్త ఈగల్లోనూ అదే చూపించాడు, కాకపోతే ఆ ఇద్దరూ ఆయన కంటే కొద్ది వారాల ముందు. మెక్లింటాక్‌కు నోబెల్ వచ్చింది 1983లో, అదీ వేరే పనికి.

ఈ ముడులు వైవిధ్యం కోసమే పుట్టాయని అనుకోకండి. వాటికి ఇంకో బాధ్యత ఉంది. జంట విడిపోయే దాకా రెండిటినీ కలిపి పట్టి ఉంచేది ఆ ముడే. కాడి కట్టిన ఎడ్లలా రెండూ కలిసి ఉంటేనే, ఏది ఎటు లాగాలో కణానికి తెలుస్తుంది. ఏదో ఒక జంటలో ముడి పడకపోతేనో, అనువుకాని చోట పడితేనో, ఏళ్ళ తరబడి ఆగి ఉన్న అండంలో పట్టు సడలితేనో, రెండు క్రోమోజోములూ ఒకే వైపు వెళ్ళిపోవచ్చు. అలాంటి గర్భాలు చాలా వరకు నిలవవు. 21వ క్రోమోజోము ఒకటి అదనంగా వచ్చినప్పుడు కొన్ని నిలుస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామంది అలా పుట్టినవాళ్ళే. ఇందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. గ్రహణం నాడు బయటికి వెళ్ళడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళు వినాలని చెబుతున్నాను.

ఇంకొకటి. రెండు ప్రతుల్లోనూ పాఠం ఒకటే అయితే ఎంత కోసి అతికినా కొత్తది రాదు. మనిళ్ళల్లో మేనరికాలు ఉన్నాయి కదా. మేనమామను చేసుకున్నవాళ్ళ బిడ్డలో సగటున 8లో ఒక వంతు చోట రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చినవై ఉంటాయి. మేనత్త కొడుకును చేసుకుంటే 16లో ఒక వంతు. ఒక ప్రతిలో తప్పు పాఠం ఉన్నా రెండోది కాపాడుతుందన్న భరోసా ఆ మేరకు తగ్గుతుంది.

వరికి మాత్రం ఇదే వరం. వరి పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. తరాల తరబడి అలా జరిగి రెండు ప్రతులూ ఒకటైపోయాయి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరిని, మనవాళ్ళు బీపీటీ అంటారు, రైతు తన గాదెలోంచి తీసి మళ్ళీ మళ్ళీ నాటుకోగలుగుతున్నది అందుకే. పత్తి, మొక్కజొన్న, మిర్చి హైబ్రిడ్లకు ఆ వీలు లేదు. హైబ్రిడ్ అంటేనే రెండు వేర్వేరు ప్రతులు పక్కపక్కన పెట్టిన మొక్క. దాని బలమే అది. దాని గింజ దాచి వేస్తే, మధ్యలో క్షయకరణ విభజన దూరి ఆ ప్రతుల్ని కలగాపులగం చేస్తుంది. చేను ఒక మొక్క పొడుగు, ఒక మొక్క పొట్టిగా ఎగుడుదిగుడు అవుతుంది. ప్రతి తొలకరికీ విత్తనాల కొట్టు ముందు నిలబడాల్సి రావడం వెనక, మిగతా కారణాలు ఎన్ని ఉన్నా, కంటికి కనపడని ఈ కత్తి కూడా ఉంది.

ఆ కత్తినే ఉపయోగించుకున్నవాళ్ళూ హైదరాబాదులో ఉన్నారు. సాంబ మసూరికి ఎండాకు తెగులు తగులుతుంది. దాన్ని తట్టుకునే జన్యువుల్లో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. సంకరం చేస్తే ఆ జన్యువుతో పాటు చుట్టుపక్కల ఉన్న అక్కర్లేని సరుకూ వస్తుంది, పెళ్ళికి పిలిస్తే వీధంతా వచ్చినట్టు. మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి, కత్తి సరైన చోట పడిన మొక్కల్నే ఏరుకుంటూ పోవాలి. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి అలా మూడు జన్యువుల్ని చేర్చి తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. గింజ అదే సన్నగింజ, అన్నం అదే అన్నం.

అదే 2008లో, అదే సీసీఎంబీలో, ఇమ్రాన్ సిద్దిఖీ బృందం దీనికి సరిగ్గా ఎదురు పని చేసింది. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న కలుపు మొక్కలో డయాడ్ అనే జన్యువును మార్చితే, కొన్ని అండాలు క్షయకరణ విభజనే లేకుండా, తల్లి రెండు ప్రతులతోనూ యథాతథంగా తయారవుతున్నాయని చూపింది. ఆ దారిలో 2011లో ఇతర దేశాలవాళ్ళతో కలిసి విత్తనం ద్వారానే తల్లికి నకలు తీసి చూపించారు. 2019లో కాలిఫోర్నియాలో ఒక బృందం, చైనాలో ఇంకో బృందం వరిలో ఆ పని చేశాయి. ఇది పొలం దాకా వస్తే హైబ్రిడ్ గింజను రైతు దాచుకోవచ్చు. కలపకుండా ఉండమని మొక్కను ఒప్పించడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇంకా పడుతుంది.

మామిడి రైతు ఆ చిక్కును ఎప్పుడో తప్పించుకున్నాడు, అంటు కట్టి. కొమ్మకు క్షయకరణతో పనిలేదు. ఊరూరా ఉన్న బంగినపల్లి చెట్లు ఒకే చెట్టు కొమ్మలకు కొమ్మలు. టెంక నాటితే మాత్రం బంగినపల్లి కాయదు. మామిడికి 20 జంటల క్రోమోజోములు. బొమ్మాబొరుసుల లెక్కే పది లక్షలు దాటుతుంది, ఇక వినిమయం సరేసరి. పైగా ఈగలు తెచ్చే పుప్పొడి పక్క తోటలోని రసానిదో, కలెక్టరు మామిడిదో.

మూడేళ్ళ కిందట మా మనవరాలు చీకి పెరట్లో పారేసిన బంగినపల్లి టెంక ఒకటి మొలిచింది. పీకి పారేసి అంటుమొక్క తెచ్చి పెట్టమంది మా ఆవిడ. నేను కంచె కట్టాను. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. పుల్లటి పీచుకాయే కాయవచ్చు, చాలా మటుకు అదే కాస్తుంది. పూత రావడానికి ఇంకా నాలుగైదేళ్ళు పడుతుంది.

నమస్కారం.